పాత టెడ్డీ కొనేటప్పుడు చెవి కన్నా కుట్లే ముఖ్యం

వేలంలో స్టైఫ్ టెడ్డీ కనిపిస్తే అందరి చెయ్యీ ముందు చెవి మీదికే పోతుంది, బొత్తం ఉందా అని. 1904 నుంచి అదే ఈ జర్మన్ కంపెనీ గుర్తు, నిజమే. కానీ పాత బొత్తం తెచ్చి వేరే బొమ్మకు బిగించడం ఎంతసేపు? నా నమ్మకం కుట్ల మీదే. చీకట్లో యూవీ టార్చి వేస్తే తర్వాతి కాలపు సింథటిక్ దారం చాలాసార్లు నీలితెల్లగా మెరుస్తుంది. పాత నూలు దారం మామూలుగా మెరవదు. తొలినాటి ఎలుగు పొట్ట నొక్కితే లోపలి చెక్క తురుము కరకరమనాలి. దూదిలా అణిగిందా, అనుమానించాల్సిందే. అరచేతి ఫెల్ట్ గుడ్డ మార్చి ఉండటం మామూలే, ధర తగ్గితే చాలు.

లండన్‌లో 1,000 పౌండ్లకు పాట ముగిస్తే, వేలం సంస్థ కొన్నవారి దగ్గర తీసుకునే రుసుము, అంటే ప్రీమియం, 25 శాతం అనుకుంటే, ఆ ప్రీమియం మీద 20 శాతం వ్యాట్ కూడా కలిపి చేతి నుంచి పోయేది 1,300. రవాణా వేరే.

ఇంటికొచ్చాక ఉతకొద్దు! తురుము తడిస్తే ఆరదు, లోపల కుళ్లుతుంది. పురుగు అనుమానముంటే గాలి చొరని సంచిలో కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. తీశాక ఒక రోజు దాకా సంచి విప్పకండి, లేకపోతే చెమ్మంతా బొచ్చుకే పడుతుంది.