డిష్ ఉన్న ఇంటికి యాంటెనా కూడా ఎందుకు కావాలి: ఉత్తర డాలస్ వారి కోసం

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు స్థిరపడిన మన వాళ్లలో ఇంకా శాటిలైట్ టీవీ ఉంచుకున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. నెలనెలా కట్టే ప్యాకేజీలోనే ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ స్థానిక చానళ్లు హెచ్‌డీలో వస్తుంటే, కప్పు మీద మళ్లీ ఒక యాంటెనా ఎందుకని వారి సందేహం. స్థానిక చానల్ అవసరం నిజంగా పడే వేళకే డిష్ చేతులెత్తేస్తుంది కాబట్టి, అన్నది నా సమాధానం.

స్థానిక చానల్‌ను అదే ఊరి చందాదారులకు ఉపగ్రహం ద్వారా అందించడానికి అమెరికాలో 1999 నాటి చట్టం వీలు కల్పించింది. స్టేషన్ నుంచి తీసుకున్న ప్రసారాన్ని కంపెనీ మళ్లీ కుదించి, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి పంపితే, అక్కడి నుంచి అది ఆ ప్రాంతం మీద మాత్రమే పడే సన్నని కిరణంగా మన డిష్‌కు చేరుతుంది. ఇక్కడి శాటిలైట్ టీవీ కంపెనీలు రెండింటిలో, డైరెక్‌టీవీ హెచ్‌డీ చానళ్లలో అధిక భాగం 20 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని కా బ్యాండులోనూ, డిష్ నెట్‌వర్క్‌వి 12 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని కూ బ్యాండులోనూ వస్తాయి. ఈ పౌనఃపున్యాల తరంగాలను, ముఖ్యంగా కా బ్యాండును, జోరువాన గట్టిగా పీల్చేస్తుంది. ఫ్రిస్కో నుంచి చూస్తే 101 డిగ్రీల పశ్చిమ రేఖాంశంలోని ఉపగ్రహం దక్షిణానికి కాస్త పడమరగా, సుమారు 51 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అందువల్ల వాన మన ఇంటి మీద పడకముందే, దక్షిణాన మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో కురుస్తున్నా సరే, తెర మీద బొమ్మ పోయి సిగ్నల్ కోసం వెదుకుతున్నట్టు సందేశం కనిపించవచ్చు. టోర్నడో సైరన్ మోగేది, వాతావరణ నిపుణుడు మ్యాపు మీద వీధుల పేర్లు చదువుతూ ఎవరు ఎక్కడ తలదాచుకోవాలో చెప్పేది కూడా సరిగ్గా అప్పుడే. 2019 అక్టోబరు 20 రాత్రి తీవ్రమైన ఈఎఫ్-3 స్థాయి టోర్నడో ఉత్తర డాలస్, రిచర్డ్‌సన్‌ల మీదుగా వెళ్లినప్పుడు ఇక్కడ ఉన్నవారికి దీన్ని వివరించనక్కర లేదు.

నేల మీది టవర్ల ప్రసారానికి వాన పెద్దగా అడ్డు రాదు. డాలస్, ఫోర్ట్‌వర్త్ ప్రధాన స్టేషన్ల టవర్లన్నీ దాదాపుగా ఒకేచోట, నగరానికి నైరుతిగా సీడర్ హిల్‌లో ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి అది సుమారు 40 మైళ్లు. దిశ కూడా దక్షిణానికి కాస్త పడమరే కనుక, మన ఇళ్లలో డిష్, యాంటెనా రెండూ దాదాపు ఒకే దిక్కుకు చూస్తాయి. తేడా ఎత్తులో ఉంది. డిష్ పొరుగింటి కప్పు మీదుగా ఆకాశంలోకి చూస్తుంటే, యాంటెనా దిగంతం వైపు, అంటే ఆ పొరుగింటి కప్పులోంచి, అవతలి చెట్లలోంచి చూడవలసి వస్తుంది. డిష్‌కు సిగ్నల్ బాగా వస్తోంది కాబట్టి యాంటెనాకూ వస్తుందని దాని పక్కనే బిగించడం అందుకే ఫలించదు. యాంటెనాకు ఇంట్లో వీలైనంత ఎత్తైన చోటు కావాలి.

అటకలో పెడితే కంటికి కనబడదు, పిడుగు భయమూ తక్కువని చాలామంది అనుకుంటారు. పాత ఇళ్లలో అది మంచి ఆలోచనే. అయితే టెక్సస్ ఎండకు తట్టుకోవడానికి ఇక్కడి కొత్త ఇళ్లలో కప్పు చెక్కల లోపలివైపు మెరిసే అల్యూమినియం రేకు అంటించి ఉంటుంది. వేడిని వెనక్కి కొట్టే ఆ రేకు టీవీ తరంగాలనూ వెనక్కి కొడుతుంది. అటక ఎక్కి టార్చి వేసి చూసినప్పుడు వెండిలా మెరిస్తే యాంటెనాను అక్కడ పెట్టే ఆలోచన మానుకోవాలి. వేడిని ఆపే లోహపు పూత ఉన్న కిటికీ అద్దాలదీ ఇదే స్వభావం.

ఇక అసలు చిక్కు 8వ చానల్ దగ్గర వస్తుంది. తెర మీద కనిపించే అంకెకూ, గాలిలో ప్రసారమయ్యే చానల్‌కూ ఇప్పుడు సంబంధం లేదు. ఫాక్స్ 4 నిజానికి 35 మీద, ఎన్‌బీసీ 5 అయితే 24 మీద, సీబీఎస్ 11 మాత్రం 19 మీద వస్తాయి. ఇవన్నీ పొట్టి తరంగాలుండే యూహెచ్‌ఎఫ్. ఏబీసీ కార్యక్రమాలు ఇచ్చే స్థానిక స్టేషన్ డబ్ల్యూఎఫ్ఏఏ ఒక్కటే పేరుకు తగ్గట్టు 8 మీదే, అంటే పొడవాటి తరంగాలుండే వీహెచ్‌ఎఫ్‌లో 180 నుంచి 186 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారం చేస్తోంది. యూహెచ్‌ఎఫ్ తరంగానికి జానెడు మీద కొంచెం పొడవున్న కడ్డీ చాలు, 8వ చానల్‌కు దాదాపు 80 సెంటీమీటర్లు కావాలి. కాగితంలా పల్చగా ఉండి కిటికీకి అంటించే యాంటెనాలలో మిగిలినవన్నీ వచ్చి 8 మాత్రం రాకపోవడానికి ప్రధాన కారణం ఇదే. చవకరకం ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు వెదజల్లే విద్యుత్ రొద కూడా వీహెచ్‌ఎఫ్‌నే ఎక్కువగా బాధిస్తుంది. అట్ట మీద ఎన్ని మైళ్లు రాసి ఉందో చూసి కొనడం కన్నా, వీహెచ్‌ఎఫ్ కోసం పొడవాటి కడ్డీలు విడిగా ఉన్నాయో లేదో చూసి కొనడం మంచిది. మైళ్ల లెక్కను నేనైతే అసలు పట్టించుకోను.

1980ల్లో మన ఊళ్లలో దూరదర్శన్ కోసం ఒకరు డాబా మీద గొట్టం తిప్పుతుంటే, కింది నుంచి మరొకరు "ఆగు, ఆగు, వచ్చింది" అని కేకవేసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ పద్ధతి ఇప్పుడు పనికిరాదు. డిజిటల్ ప్రసారంలో చుక్కలు మెల్లగా తగ్గుతూ బొమ్మ తేలడమనేది ఉండదు. సిగ్నల్ బలం రొద కన్నా సుమారు 15 డెసిబెల్స్ పైన ఉన్నంతసేపు బొమ్మ నిక్షేపంగా ఉంటుంది, కొంచెం దిగితే గడులు గడులుగా చెదిరి ఆగిపోతుంది. కనుక బొమ్మను చూసి కాకుండా, టీవీ సెట్టింగుల్లోని సిగ్నల్ మీటరు చూసి, కొద్దికొద్దిగా తిప్పి, మీటరు నిలకడ పడేవరకు ఆగాలి. బలం ఎక్కువగా చూపినా నాణ్యత తక్కువగా ఉంటే పక్క గోడలకు తగిలి తిరిగొచ్చిన తరంగాలు కలుస్తున్నాయని అర్థం, అప్పుడు యాంటెనాను ఒకటి రెండు అడుగులు పక్కకు జరిపితే గుణం కనిపించవచ్చు. ఆంప్లిఫయరు పొడవైన కేబుల్‌లోనూ, ఒక తీగను పలు టీవీలకు పంచే స్ప్లిటర్లలోనూ పోయే బలాన్ని పూడుస్తుందే తప్ప, యాంటెనా దగ్గరే లేని సిగ్నల్‌ను పుట్టించలేదు. టవర్లకు దగ్గరగా డంకన్‌విల్‌లోనో గ్రాండ్ ప్రేరీలోనో ఉన్నవారికి అది మేలు కన్నా కీడే చేస్తుంది.

యాంటెనా నుంచి వచ్చే తీగను డిష్ కేబుల్‌లో కలిపి ఒకే తీగ మీద నడిపే ప్రయత్నం చేయకండి. డైరెక్‌టీవీ పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నెట్‌వర్క్ కూడా యూహెచ్‌ఎఫ్ టీవీ ఉండే పౌనఃపున్యాలనే వాడుకుంటుంది. ఆర్‌జీ-6 అనే టీవీ కేబుల్ విడిగా లాగి, ఇంటి ఎర్తింగ్‌కు తప్పక కలపాలి. ఆ తీగను నేరుగా టీవీకి ఇస్తే రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చుకోవలసి వస్తుంది. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో అది ఇబ్బంది. దాని బదులు శాటిలైట్ రిసీవరుకే తగిలించే ట్యూనరు దొరికితే, యాంటెనా చానళ్లు కూడా అదే గైడులో కలిసిపోతాయి. డిష్ నెట్‌వర్క్ వారి హాపర్ రిసీవరుకు యూఎస్‌బీ ట్యూనరు ఉంది. డైరెక్‌టీవీ పాత డీవీఆర్‌లకు, అంటే రికార్డు చేసుకునే రిసీవర్లకు, ఏఎం21 అనే పెట్టె ఉండేది.

వాన లేని రోజుల్లోనూ యాంటెనాతో పని పడుతుంది. 2023 నవంబరు 30న డబ్ల్యూఎఫ్ఏఏ యజమాని టెగ్నాకూ డైరెక్‌టీవీకీ ఒప్పందం కుదరక ఆ చానల్ ఆగిపోయి, 2024 జనవరి నడుమ వరకు తిరిగి రాలేదు. యాంటెనా ఉన్నవారికి ఆ తగాదాతో నిమిత్తం లేకపోయింది.

హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, ఒప్పుకోదేమోనన్న భయంతో వెనకాడేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. అమెరికా ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ 1996 నుంచి అమలు చేస్తున్న నిబంధన ప్రకారం, మీ సొంత వాడకంలో ఉన్న కప్పు మీదగానీ, బాల్కనీలోగానీ స్థానిక టీవీ యాంటెనా పెట్టుకోవడాన్ని వారు నిషేధించలేరు. అపార్టుమెంటులో అద్దెకున్నవారి బాల్కనీకి కూడా ఇది వర్తిస్తుంది. భద్రత, చారిత్రక కట్టడాల విషయంలో మాత్రమే మినహాయింపులు ఉన్నాయి. నోటీసు వస్తే ఆ నిబంధన ప్రతిని జతచేసి మర్యాదగా జవాబు రాయండి.