"బాగానే నడుస్తున్నావు కదమ్మా" అన్నారు

యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు, నిన్న పోస్టులో వచ్చింది. పసుపు రంగుది, అంటే వైకల్యం 40 శాతానికి తక్కువ కాదు, 80కి లోపే. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఈ కార్డుల వెబ్‌సైటు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు మా అక్క కొడుకు ఫోన్‌లోనే పూర్తిచేశాడు. వైకల్యం ఎంత శాతమో తేల్చే పరీక్షకు ఆస్పత్రికి ఎప్పుడు రావాలో మెసేజ్ వచ్చింది. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

ఆస్పత్రిలో ఎముకల డాక్టరు గది మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టుకు తాళం. కాళ్లు సరిగా లేనివాళ్లను పరీక్షించే గది మెట్ల పైన పెట్టాలని ఎవరికి తోచిందో! పాత ప్రభుత్వ భవనాలను కూడా మాలాంటివాళ్లు తిరగగలిగేలా మార్చాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం ఐదేళ్ల గడువు పెట్టింది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. నా ముందు ఒక కుర్రాడిని వాళ్ల నాన్న వీపున వేసుకుని ఎక్కించాడు.

నాకు పసితనంలో పోలియో వచ్చింది. ఎడమ తొడలో బలం లేదు, మోకాలు నిలవదు. కాలికి ఊతగా కట్టుకునే క్యాలిపర్ లేకపోతే ఎడమ చేత్తో తొడను వెనక్కి నొక్కిపట్టి, నడుము కాస్త వంచి అడుగేస్తాను. ఇది నాకెవరూ నేర్పలేదు. మా ఇంటి అరుగు పట్టుకుని, పడి లేచి, మోచేతులు చెక్కుకుపోయి నేర్చుకున్నాను. ఇప్పుడు చున్నీ కింద ఆ చెయ్యి ఎవరికీ కనిపించదు. రోజంతా నిలబడి పిల్లలకు లెక్కలు చెబుతాను. నా నడక అంటే నాకు గర్వం.

డాక్టరు క్యాలిపర్ విప్పి నడవమన్నారు. తలుపు తెరిచే ఉంది, వరండాలో క్యూ మొత్తం చూస్తోంది. నడిచాను. ఆయన కాగితాల్లోంచి తలెత్తి, "బాగానే నడుస్తున్నావు కదమ్మా, నీకెందుకు సర్టిఫికెట్?" అన్నారు. బయట ఎవరో నవ్వారు. చెవులు వేడెక్కిపోయాయి. అటెండర్ దగ్గరికొచ్చి మెల్లగా, "జర ఎక్కువ కుంటు అక్కా, అప్పుడే రాస్తరు" అన్నాడు. పాపం, నా మంచికే చెప్పాడు. కానీ ఆ మాటే నన్ను ఎక్కువ పొడిచింది. పడకుండా నడవడానికి నా చిన్నతనమంతా ధారపోశాను. ఇప్పుడు సర్టిఫికెట్ కోసం పడిపోతున్నట్టు నటించాలా? నటించలేదు.

"సార్, నడక చూసి కాదు, పడుకోబెట్టి కండరాల పవర్ చూడండి" అన్నాను. గొంతు వణికింది, అయినా అన్నాను. నిబంధనల్లో ఉన్నదే అడిగాను. కండరాల బలాన్ని 0 నుంచి 5 దాకా కొలవాలి, కీళ్లు ఎంత వంగుతున్నాయో చూడాలి. ఆయన ముఖం మాడ్చుకుని తర్వాతి పేషెంటును పిలిచారు. నేను కుర్చీలోంచి లేవలేదు. చివరికి ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను బల్ల మీద పడుకోబెట్టి, "మోకాలు చాపండమ్మా" అంది. చాపలేకపోయాను. తొడ మీద వేళ్లు ఆనించి చూసింది. కండరం సన్నగా అదిరింది, అంతే. "పవర్ వన్ సార్" అంది. డాక్టరు రాసుకున్నారు. సారీ అన్న మాట మాత్రం రాలేదు.

వెళ్లేవాళ్లు వదులుగా ఉండే సల్వార్ వేసుకోండి, క్యాలిపర్ విప్పడం తేలిక. పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు ఉంటే పట్టుకెళ్లండి. గేటు దగ్గర పర్సెంటేజీ పెంచిస్తామనే బ్రోకర్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. శాతం తక్కువ రాస్తే ఆ 2016 చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. పదిమందిలో కావాలని అవమానిస్తే, 92వ సెక్షన్ కింద అది నేరం. ఆడవాళ్లు తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. అక్కడి బాత్రూముల్లో కింద కూర్చునే దొడ్లే ఉన్నాయి, పట్టుకోడానికి కడ్డీ కూడా లేదు.

ఆ పరీక్ష గదిని కిందికి మార్చమని కలెక్టరేట్‌లో సోమవారాల్లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇచ్చాను. రసీదు తీసుకున్నాను. జవాబు రాకపోతే వచ్చే సోమవారం మళ్లీ వెళ్తాను.