సగం సగం లెక్క నా లివర్‌కి తెలియదు

ముందే చెప్పేస్తున్నా, నేనేం డాక్టర్ని కాదు, రెండు రకాల స్టెరాయిడ్ టాబ్లెట్లు కలిపి మింగి నాలుగు నెలలు పోగొట్టుకున్న మామూలు జిమ్ బాపతు మనిషిని.

నా లెక్క ఏంటంటే, డయానబాల్ ఒక్కటే ఫుల్ డోస్ వేసుకుంటే లివర్‌కి రిస్క్, అదే అందులో సగం, స్టానోజోలాల్ సగం వేసుకుంటే సైజూ వస్తుంది, కొవ్వు తగ్గి కండ గీతలు తేలే కటింగూ వస్తుంది, లోడ్ కూడా పంచుకున్నట్టు ఉంటుంది అని. జిమ్‌లో సీనియర్ అన్న ఒకాయన కూడా "ఏం కాదు తమ్ముడూ, ఇంజెక్షన్ అయితే భయపడాలి గానీ టాబ్లెట్లేగా" అన్నాడు. నిజం దానికి పూర్తిగా రివర్స్ అని తర్వాత తెలిసింది. మగ హార్మోన్ అయిన మామూలు టెస్టోస్టెరాన్‌ని నోటితో మింగితే లివరే చాలావరకు విరగ్గొట్టేస్తుంది, అలా కాకుండా ఉండాలనే ఈ టాబ్లెట్లలో మాలిక్యూల్‌కి 17వ కార్బన్ దగ్గర చిన్న గ్రూప్ తగిలిస్తారు, లివర్ వాటిని తేలిగ్గా విరగ్గొట్టలేదు, నలిగేది లివరే. డయానబాల్, స్టానోజోలాల్, అనడ్రాల్, అనవార్ అన్నీ ఇదే బాపతు. ఒకటి సగం ఇంకోటి సగం అంటే రెండు చిన్న బరువులు కాదు, ఒకే వీపు మీద ఒకేసారి రెండు మూటలు.

నాలుగో వారంలో లివర్ ఎంజైమ్‌ల టెస్ట్ ఒకటి చేయించా. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ కొంచెం ఎక్కువ వచ్చాయి. అన్న "అది వర్కౌట్ వల్లే" అన్నాడు. అక్కడే పడ్డా నేను. ఎందుకంటే అందులో నిజం ఉంది, గట్టిగా బరువులు ఎత్తితే ఆ ఎంజైమ్‌లు కండరాల నుంచి కూడా వస్తాయి, అందుకే కండరాల దెబ్బ చూపించే సీకే టెస్ట్ కూడా కలిపి చూసుకోవాలట. లివర్ పిత్తంలో బయటికి పంపే పసుపు పదార్థం బిలిరుబిన్, ఆ టెస్ట్ నేను చేయించనేలేదు, డబ్బు మిగిలిందనుకున్నా.

ఆరో వారం దురద మొదలైంది. ఒంటి మీద ఎక్కడా దద్దుర్లు లేవు, అరచేతులు, అరికాళ్ళు మాత్రం లోపల్నుంచి దురద, రాత్రయితే ఇంకా ఎక్కువ, దువ్వెనతో కాళ్ళు గోక్కుంటూ తెల్లవార్లూ కూర్చున్న రోజులున్నాయి. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి వచ్చింది, నీళ్ళు తక్కువ తాగానేమో అనుకున్నా. మలం మాత్రం సున్నం కలిపినట్టు పాలిపోయింది. ఇవన్నీ చూస్తూ కూడా టాబ్లెట్లు ఆపలేదు చూడండి, ఇంకో రెండు వారాలేగా అని. చివరికి అక్క ఎండలో నన్ను చూసి "ఒరేయ్, నీ కళ్ళేంట్రా అంత పచ్చగా ఉన్నాయి" అంటే అప్పుడు కదిలా.

హాస్పిటల్లో నేను చేసిన వెధవ పని అబద్ధం చెప్పడం. ప్రొటీన్ పౌడర్ తప్ప ఏమీ లేదన్నా. పాపం వాళ్ళు హెపటైటిస్ టెస్టులన్నీ చేశారు, నెగటివ్. పిత్తనాళంలో రాయేమో అని స్కాన్ తీశారు, ఏమీ అడ్డం లేదు. బిలిరుబిన్ 14.2, ఏఎల్‌టీ మాత్రం 96 మాత్రమే. డాక్టర్ మేడమ్ ఆ రెండు నంబర్ల కింద పెన్నుతో గీత గీసి, అక్కని బయట కూర్చోమని, "ఇప్పుడు చెప్పండి, ఏం వేసుకున్నారు?" అన్నారు. చెప్పేశా. సీసాలు తెమ్మన్నారు, లేబుల్ మీద రాసిందే లోపల ఉందని గ్యారంటీ లేదు కానీ ఏదో ఒక ఆధారం కావాలి కదా అన్నారు. ఎంజైమ్‌లు ఓ మాదిరిగా ఉండి బిలిరుబిన్ ఇంత ఎక్కడం ఈ టాబ్లెట్లతో తెలిసిన విషయమేనట, పిత్తం లివర్ లోపలే నిలిచిపోతుంది. మొదటి రోజే నిజం చెప్పి ఉంటే ఆ టెస్టుల్లో కొన్ని తప్పేవేమో.

ట్రీట్‌మెంట్ అంటే పెద్దగా ఏం లేదు. రెండూ వెంటనే బంద్, మద్యం బంద్, చెప్పకుండా ఏ మాత్రా వేసుకోకూడదు, దురదకి నీళ్ళలో కలుపుకునే పొడి, వారం వారం బ్లడ్ టెస్ట్. రక్తం గడ్డకట్టే టైమ్ కూడా చూశారు, పిత్తం పేగుల్లోకి రాకపోతే విటమిన్ కె సరిగ్గా ఒంటబట్టదట. మానేసిన తర్వాత కూడా మొదటి పది రోజులు బిలిరుబిన్ పెరుగుతూనే పోయింది, ఆ పది రోజులే నరకం. "లివర్ సపోర్ట్" క్యాప్సూల్స్ సంగతి అడుగుతారేమో, అవి రోజూ వేసుకుంటూనే నాకు ఇదంతా జరిగింది.

లివర్ గొడవలో పడి గుండె సంగతి నాకు తట్టనేలేదు. లిపిడ్ రిపోర్ట్‌లో మంచి కొలెస్ట్రాల్ అదే హెచ్‌డీఎల్ 11. చదివితే తెలిసింది, 1989లో వచ్చిన ఒక స్టడీలో స్టానోజోలాల్ రోజుకి 6 మిల్లీగ్రాములే ఇస్తే హెచ్‌డీఎల్ మూడో వంతు పడిపోయింది, టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌తో పడింది 9 శాతం. ఇంజెక్షన్‌కే భయపడాలన్న అన్న మాట గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. బీపీ కూడా 150 దాటి ఉంది, తలనొప్పి నిద్ర లేక అనుకున్నా ఇన్నాళ్ళూ.

కళ్ళు మామూలు రంగుకి రావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. బిలిరుబిన్ ఇప్పుడు 1.1, హెచ్‌డీఎల్ 38. బయట్నుంచి హార్మోన్ వచ్చినన్నాళ్ళూ మెదడు సిగ్నల్ ఆపేస్తుంది కాబట్టి ఆ సిగ్నల్ హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అడుగంటి ఉండేవి, ఈమధ్యే కదులుతున్నాయి, టెస్టోస్టెరాన్ ఇంకా 240 దగ్గరే ఉంది, 300 కూడా దాటలేదు. పెరిగిన కండ చాలావరకు పోయింది, పొద్దున్నే లేవబుద్ధి కాదు. వచ్చే నెల మళ్ళీ బ్లడ్ ఇవ్వాలి, ఈసారి అక్క కూడా వస్తానంటోంది, ఆ రోజు మేడమ్ నన్ను ఏం అడిగారో తనకి ఇంకా చెప్పలేదు.