బంతి ముట్టుకోని ఆటగాడికి మార్కులు వేయడం: నా అనుభవం

2022లో, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతుల వారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కి ముందు, మా టెక్సస్ ఫ్రిస్కో మిత్రులం సరదాగా ఒక పని పెట్టుకున్నాం. ఒక్కొక్కరం ఒక కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాణ్ణి ఎంచుకుని, అతను ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పనికొస్తాడా లేదా అన్నది రిపోర్ట్ రాయాలి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లు, దాన్ని అందుకునే రిసీవర్లు క్షణాల్లో అయిపోయారు. నేను అడిగి మరీ టైలర్ స్మిత్‌ని తీసుకున్నాను. తుల్సా యూనివర్సిటీ లెఫ్ట్ టాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్‌లో ఎడమ చివర నిలబడేవాడు), మా పక్క ఊరు ఫోర్ట్ వర్త్ కుర్రాడు. "అదేంట్రా, జన్మలో బంతి ముట్టుకోని వాణ్ణి తీసుకున్నావ్" అని అందరూ నవ్వారు.

నా లెక్క నాకుంది. ఆ వేసవికి మా డాలస్ జట్టు కౌబాయ్స్ లైన్ సగం ఖాళీ. లాయెల్ కాలిన్స్‌ని వదిలేశారు, కానర్ విలియమ్స్ మయామీ వెళ్ళిపోయాడు, అప్పటి లెఫ్ట్ టాకిల్ టైరన్ స్మిత్‌కి ఏడాదికో గాయం. టాకిల్ అవసరం కళ్ళకి కడుతోంది. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ బంతి విసరబోయేటప్పుడు అతని వీపు ఎడమవైపుకి ఉంటుంది. అటునుంచి దూసుకొచ్చేవాణ్ణి ఆపేది లెఫ్ట్ టాకిలే.

తీరా చూద్దామని కూర్చుంటే మొదటి చిక్కు టీవీతోనే. కెమెరా బంతి వెంట పోతుంది. స్నాప్ (బంతి ఆటలోకి రావడం) అయిన రెండు సెకన్లకి మనకి కావాల్సినవాడు తెర మీద ఉంటే ఉంటాడు, లేకపోతే లేదు. టీమ్‌లు చూసే వీడియో, గోల్‌పోస్టుల వెనక ఎత్తు నుంచి తీసేది, మాలాంటివాళ్ళకి దొరకదు. రీప్లేలో ఆ కోణం వచ్చినప్పుడల్లా ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూడటమే.

ఏ మ్యాచ్‌లు చూడాలన్నది కూడా ముఖ్యమే. తుల్సా చిన్న జట్టు. తనకంటే బలహీనమైన కుర్రాళ్ళని తోసేస్తే దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. 2021లో ఒహాయో స్టేట్, ఓక్లహోమా స్టేట్, సిన్సినాటీలతో ఆడినవి ముందు పెట్టుకున్నాను. ఆ మూడు చోట్లా ఎదురుగా నిలబడింది గట్టి కుర్రాళ్ళు. మిగతావి తర్వాత, కొంచెం తొందరగానే చూసేశాను.

ముందు కాళ్ళు ఒక్కటే చూశాను. పాస్ అనగానే టాకిల్ వెనక్కి, పక్కకి జరుగుతూ అడుగులు వేస్తాడు. కిక్ స్లైడ్ అంటారు. చివరి నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకొచ్చే ఎడ్జ్ రషర్ మూల తిరిగేలోపు అక్కడికి చేరాలి, అదే సమయంలో లోపలివైపు గుమ్మం తెరవకూడదు. అంత భారీ మనిషి అంత తేలిగ్గా జరగడం చూస్తే ముచ్చటేసింది. అప్పుడప్పుడు నడుము దగ్గర వంగిపోయి ముందుకు తూలేవాడు. అది రాసుకున్నాను.

తర్వాత చేతులు. అసలు కథంతా ఇక్కడే. 2021లో అతని మీద 16 ఫ్లాగ్‌లు (తప్పు చేస్తే రెఫరీ విసిరే జెండాలు) పడ్డాయి, ఎక్కువ భాగం హోల్డింగ్‌కే, అంటే ఎదుటివాణ్ణి పట్టుకున్నందుకే. కబడ్డీలో పట్టుకుంటే పాయింటు, ఇక్కడ పట్టుకుంటే 10 గజాలు వెనక్కి. పైగా అదే 2021 సీజన్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ మొత్తంలో ఎక్కువ పెనాల్టీలు తెచ్చుకున్న జట్టు కౌబాయ్సే. ప్లేఆఫ్‌లో 49ఎర్స్ చేతిలో ఓడిన రోజు ఒక్క మ్యాచ్‌లోనే 14 ఫ్లాగ్‌లు. ఆ మంట ఇంకా చల్లారలేదు. "ఇంకో ఫ్లాగ్‌ల ఫ్యాక్టరీ మనకెందుకు అన్నా" అని మా వాళ్ళు కొట్టిపారేశారు.

నాకు ఆ అంకె కంటే దాని వెనక కారణం కావాలి. అందుకే దొరికిన ప్రతి హోల్డింగ్ దగ్గరా ఒకే ప్రశ్న వేసుకున్నాను: ముందు తప్పింది కాలా, చెయ్యా? కాళ్ళు వెనకబడి, మనిషి దాటిపోతుంటే జెర్సీ పట్టుకోవడం ఒక రకం. దానికి ఏ కోచ్ దగ్గరా మందు లేదు. కాళ్ళు సరైన చోటే ఉండి, చేతులు ఆలస్యంగా, భుజాల బయటకి వెడల్పుగా పడటం ఇంకో రకం. అది నేర్పితే పోతుంది. నేను చూసినవాటిలో ఎక్కువ రెండో రకమే. కొన్ని మాత్రం ఎదుటివాణ్ణి నేలకేసి తొక్కేదాకా వదలని మొండితనం వల్ల వచ్చినవి. నిజం చెప్పాలంటే అవి చూస్తే నాకు కోపం రాలేదు.

రన్ బ్లాకింగ్ (బంతితో పరిగెత్తేవాడికి దారి చెయ్యడం) గురించి ఎక్కువ రాయక్కర్లేదు. ఎదురుగా ఉన్నవాణ్ణి గజాల కొద్దీ నెట్టుకుపోయేవాడు, అంతే.

కొలతలు డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్ళని కొలిచి పరీక్షించే ఇండియానాపొలిస్ కంబైన్ నుంచి వచ్చాయి. ఎత్తు 6 అడుగుల 5 అంగుళాలకి పిసరు తక్కువ. బరువు 324 పౌండ్లు, అంటే దాదాపు 147 కిలోలు. చేతులు 34 అంగుళాలు, టాకిల్‌కి సరిపోయే పొడవు. వయసు ఆ ఏప్రిల్‌కే 21 నిండింది. మోకాళ్ళు, భుజాల వైద్య రిపోర్టులు టీమ్‌ల దగ్గరే ఉంటాయి కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేశాను. బయట నుంచి చూసి ఆరోగ్యానికి మార్కులు వేసేవాళ్ళంటే నాకు నమ్మకం లేదు.

చివరికి రాసింది ఇది: మొదటి రౌండ్ ఆఖర్లో తీసుకోవచ్చు, మొదటి ఏడాది టాకిల్ పక్కన లోపలివైపు నిలబడే గార్డ్‌గా ఆడించి చేతులు సరిదిద్దాలి, తర్వాత టాకిల్‌కి మార్చాలి. గార్డ్‌కి రెండు పక్కలా మనుషులుంటారు కాబట్టి ఒంటరిగా మూల కాయాల్సిన టెన్షన్ తక్కువ.

డ్రాఫ్ట్ రాత్రి కౌబాయ్స్ 24వ పిక్‌లో అతన్నే తీసుకున్నారు. మా గ్రూప్‌లో తిట్ల వాన. తర్వాత ప్రెస్ మీట్‌లో జెర్రీ జోన్స్ తమ రహస్య జాబితా కాగితాన్ని కెమెరాల ముందు ఊపేశాడు. అందులో స్మిత్ 16వ స్థానంలో ఉన్నాడు. ఇంత డబ్బున్న జట్టు ఓనర్ ఇంత అమాయకంగా కాగితం చూపించడం ఆ రాత్రి నాకు దొరికిన అసలు వినోదం.

ఆగస్టు వచ్చేసరికి ప్లాన్ అంతా తారుమారైంది. ప్రాక్టీసులో టైరన్ స్మిత్ తొడ వెనక కండరం తెగింది. ఇంటిపేరు తప్ప చుట్టరికం లేని ఈ కుర్రాడు మొదటి మ్యాచ్ నుంచే లెఫ్ట్ టాకిల్‌గా దిగాడు. ఫ్లాగ్‌లు పడ్డాయి, కానీ నిలబడ్డాడు. మరుసటి ఏడాది గార్డ్‌కి మారి లీగ్ మేటి ఆటగాళ్ళ ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. 2025లో నాలుగేళ్ళకి 96 మిలియన్ డాలర్ల ఒప్పందం కూడా గార్డ్‌గానే.

మా గ్రూప్‌లో పెద్దాయన మాత్రం ఇప్పటికీ సగం మార్కులే ఇస్తానంటారు. "నువ్వు రాసింది టాకిల్ గురించి కదయ్యా, వాడు స్థిరపడింది గార్డ్‌గా" అన్నది ఆయన వాదన. కాళ్ళు చూసే రాశాను, ఆ కాళ్ళే 2022 సీజన్‌లో మూల కాశాయి అన్నది నా వాదన. మేమిద్దరం ఇంకా రాజీ పడలేదు.