పాత ఎం.జి.బి. జి.టి.కి ఏసీ బిగించేవారు ముందుగా చూడవలసినవి

1965లో బ్రిటన్‌లో విడుదలైన ఎం.జి.బి. జి.టి. కారు పైకప్పును తీర్చిదిద్దింది ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా సంస్థ. వెనుకకు వాలుగా దిగే పెద్ద అద్దం ఆ కారుకు అందం తెచ్చింది కానీ, 40 డిగ్రీలకు చేరే అమెరికాలోని డల్లాస్ ఎండల్లో ఆ అద్దం గుండానే వేడంతా లోపలికి వస్తుంది. పాత కారును ఉన్నది ఉన్నట్టుగా కాపాడాలన్న వాదనను నేను గౌరవిస్తాను. అయినా వేసవి పొడుగునా గ్యారేజీలో ముసుగు కింద ఉండే కారు కంటే రోడ్డు మీద తిరిగే కారే నాకు ప్రీతిపాత్రం కనుక, నా 1972 కారుకు ఏసీ పెట్టించాను.

ఏసీ అనగానే అందరూ గ్యాసును ఒత్తిడితో నెట్టే కంప్రెసర్ గురించే అడుగుతారు. నిజానికి అసలు చిక్కు కండెన్సర్‌తో వస్తుంది. కారు లోపలి నుంచి లాగిన వేడిని బయటికి వదిలే ఈ జాలీ రేడియేటర్‌కు ముందు నిలుస్తుంది. అందువల్ల ఇంజనుకు చేరే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. కారు కదులుతున్నంతసేపూ ఇబ్బంది ఉండదు కానీ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు 1798 సీసీ ఇంజను ఉష్ణోగ్రత ఇట్టే పెరుగుతుంది. కాబట్టి ముందు రేడియేటర్‌ను శుభ్రం చేయించి, శక్తిమంతమైన ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించి, నిండు ట్రాఫిక్‌లో పరీక్షించిన తరువాతే మిగిలిన పనికి పూనుకోవాలి.

తరువాతది కరెంటు. నా కారులో మొదటి నుంచీ ఉన్న లూకాస్ ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం) గరిష్ఠంగా ఇచ్చేది 34 ఆంపియర్లు. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు అంత కూడా రాదు. హెడ్‌లైట్లు, వైపర్లు, రెండు ఫ్యాన్లు, కంప్రెసర్‌ను ఇంజనుతో కలిపే క్లచ్ అన్నీ ఒకేసారి పనిచేయాలంటే పెద్ద ఆల్టర్నేటర్‌తో పాటు, విడి ఫ్యూజులూ రిలేలూ ఉన్న కొత్త వైరింగ్ తప్పనిసరి.

కంప్రెసర్‌గా అయిదు పిస్టన్ల శాండెన్ 508 సరిపోతుంది. దాని బ్రాకెట్ గట్టిగా ఉండి, పుల్లీలన్నీ ఒకే వరుసలో నిలవాలి. లేకపోతే బెల్టు నిలవదు. క్లచ్ పట్టుకోగానే ఇంజను వేగం పడిపోతుంది కనుక, ఆ క్షణంలో ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించే ఎస్.యు. కార్బురేటర్ల థ్రాటిల్‌ను కొద్దిగా తెరిచే సోలినాయిడ్ (కరెంటుతో కదిలే మీట) ఉండాలి.

ఏసీలో చల్లదనాన్నిచ్చే పూర్వపు ఆర్-12 గ్యాసు ఓజోన్ పొరకు హాని చేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత క్రమంగా తొలగించారు. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ అణువులు చిన్నవి కావడంతో పాత రబ్బరు గొట్టాల గుండా ఊరిపోతాయి. లోపలి పొర ఉన్న బ్యారియర్ గొట్టాలే వాడాలి. కంప్రెసర్‌లో కందెనగా వాడే పాత మినరల్ ఆయిల్ కూడా ఈ గ్యాసుతో కలవదు. గ్యాసులోని చెమ్మను పట్టే రిసీవర్ డ్రయర్ అనే డబ్బా గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక దాని మూతలను చివరి నిమిషంలోనే తీయాలి. వ్యాక్యూమ్ పంపుతో తేమంతా లాగేయకపోతే, మిగిలిన చెమ్మ, గ్యాసు సన్నని దారి గుండా వెళ్లి చల్లబడే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది.

కారు లోపలి గాలిని చల్లబరిచే ఎవాపొరేటర్‌ను డ్యాష్‌బోర్డు కోయకుండా దాని కిందనే వేలాడదీయించాను. కాళ్ల దగ్గర చోటు కొంత తగ్గినా, రేపు ఎవరైనా తీసేయదలిస్తే కారుకు గాయం మిగలకూడదన్నదే నా పట్టుదల. ఖర్చంతా ఒకేసారి భరించలేనివారు ఇంజను గోడకూ గేర్‌బాక్స్ సొరంగానికీ వేడిని ఆపే పొరలు, వెనుక అద్దానికి ఫిల్మ్ ముందుగా వేయించుకుంటే మేలు. ఆ తరువాత పెట్టే ఏసీ మీద భారం బాగా తగ్గుతుంది.