డిస్క్ ఖాళీగా బయటికి వచ్చిన రోజు

నెలసరి రక్తాన్ని లోపలే పట్టి ఉంచే మెన్‌స్ట్రువల్ డిస్క్ వాడటం మొదలుపెట్టిన రెండో నెల, నెలసరి రెండో రోజు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి బాత్‌రూములో డిస్క్ బయటికి తీసి లైటు కింద పట్టుకుని చూశాను. అందులో అర చెంచా రక్తం కూడా లేదు. కానీ జాగ్రత్త కోసం పెట్టుకున్న పలచటి ప్యాడ్ నిండిపోయింది, లంగా వెనక అరచేయంత మరక పడింది. ఎనిమిది గంటలు లోపల ఉన్న వస్తువులోకి రక్తం అసలు చేరలేదంటే మరి అది ఏ దారిన పోయినట్టు? నాకు పరిష్కారం దొరికింది ఆ ప్రశ్న వల్లే. అప్పటిదాకా డిస్క్ నిండి పొర్లిపోతోందనే అనుకుంటూ వచ్చాను.

నేను మద్దిలపాలెం వైపు ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఇల్లు మర్రిపాలెం. రోజుకు ఐదు క్లాసులు, అన్నీ నిలబడే. విశాఖ ఉక్కపోతలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ప్యాడ్ పెట్టుకుని తిరిగితే తొడలు ఒరుసుకుపోయి, సాయంత్రానికి మంట. ఇరవై ఏళ్లు అలాగే గడిపాను. మొదట లోపల పెట్టుకునే నెలసరి కప్పు ప్రయత్నించాను గానీ, అది లోపల గాలి బిగించి పట్టుకునే తీరు నాకు నొప్పిగా ఉండేది. డిస్క్‌కి ఆ బిగింపు ఉండదని తెలిసి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. మెత్తటి సిలికాన్ అంచు, మధ్యలో సంచిలా పలచటి పొర, తీయడానికి ఒక చిన్న తోక. వెనక అంచు గర్భసంచి మూతి కిందుగా దాటి వెనక ఉన్న ఖాళీలోకి వెళ్లాలి. ముందు అంచు పొత్తికడుపు కింద మనకు చేతికి తగిలే ఎముక ఉంది కదా, దాని లోపలి వైపు ఎక్కి కూర్చోవాలి. దాన్ని పట్టి ఉంచేది ఆ ఎముకా, చుట్టూ ఉన్న కండరాలూ.

ఈ రెండు అంచుల సంగతి మొదటి నెల నాకు సరిగ్గా తెలియదు. కప్పు అలవాటు కొద్దీ పైకి తోశాను. బస్సు కంచరపాలెం దాటి తాటిచెట్లపాలెం చేరేసరికే తడి తెలిసింది. గురుద్వారా దగ్గర సీటు దొరికినా కూర్చోలేదు. కూర్చుంటే చీరకి అంటుతుందని భయం. మద్దిలపాలెంలో దిగి నేరుగా స్టాఫ్ టాయిలెట్‌కి వెళ్లి చూసుకుంటే, ముందు అంచు ఎముక కిందే జారి నిలబడి ఉంది. వేలు పెట్టగానే తగిలింది. అంటే తలుపు తీసే ఉంచి ఇంట్లోకి నీళ్లు రాకూడదనుకున్నట్టు. ఆ నెలంతా వేలితో ముందు అంచుని పైకి నెట్టడం నేర్చుకున్నాను. కారడం తగ్గింది, ఆగలేదు.

రెండో నెల డిస్క్ ఖాళీగా వచ్చిన రోజు రాత్రి మా వదినకి ఫోన్ చేశాను. మా అన్నయ్య భార్య. శ్రీకాకుళం వైపు మనిషి, గాజువాకలో ఉంటారు, నర్సుగా పదిహేనేళ్ల అనుభవం. ఆవిడకి తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేని విషయం.

"ఖాళీగా వచ్చిందా? పూర్తిగానా?" అంది.

"అర చెంచా కూడా లేదు వదినా."

"అయితే అది మూతి కింద లేదే. మూతికి ముందు నిలబడిపోయింది. రక్తం వెనక నుంచి దిగి అంచు పక్కనించి కారిపోతోంది. నీ సర్విక్స్ ఎక్కడుందో ఎప్పుడైనా చేత్తో చూసుకున్నావేటి?"

చూసుకోలేదు. ముప్పై ఏడేళ్లు వచ్చాయి, ఒక బిడ్డను కన్నాను, నా గర్భసంచి మూతి ఎంత దూరంలో ఉందో, ఎటు తిరిగి ఉందో నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. అడగాలని కూడా తట్టలేదు. ఇది రాస్తున్నదే ఈ ఒక్క సంగతి కోసం.

మర్నాడు స్నానం చేసేటప్పుడు వదిన చెప్పినట్టు చేశాను. గోరు కత్తిరించి, చేతులు సబ్బుతో కడుక్కుని, గొంతుక్కూర్చుని మధ్యవేలు మెల్లిగా పెట్టి చూశాను. చుట్టూ మెత్తగా ఉన్న చోట ఒకటి గట్టిగా, నున్నగా, మధ్యలో చిన్న గుంటతో తగిలింది. ముక్కు కొన తాకినట్టే ఉంటుందని వదిన అన్న మాట అక్షరాలా నిజం. నాకు అది వేలి రెండో కణుపు దగ్గరే ఉంది, కాస్త ఎడమకి ఒరిగి. నెలసరి అయిపోయిన వారం తర్వాత మళ్లీ చూస్తే వేలు మొత్తం పెట్టినా కష్టంగా అందింది. అంటే నాకు బయట ఉన్న రోజుల్లో అది కిందికి దిగుతుంది. డిస్క్ కొనేముందు మామూలు రోజున చూసుకుని ఉన్నా ఉపయోగం ఉండేది కాదు. చూడాల్సింది రక్తం పోతున్న రోజునే.

సైజు తప్పు కూడా అప్పుడే బయటపడింది. బిడ్డ పుట్టింది కదా అని నేను పెద్దది తీసుకున్నాను. అడ్డంగా 7 సెంటీమీటర్లకు పైనే. మూతి అంత కిందుగా ఉన్నప్పుడు దాని వెనక ఖాళీకీ ముందున్న ఎముకకీ మధ్య దూరం తక్కువ. పెద్ద డిస్క్ ఆ దూరంలో పట్టదు, ముందు అంచు ఎముక లోపలికి ఎక్కదు, ఎక్కినా నడిస్తే జారిపోతుంది. సైజు చెప్పేది కాన్పులు కాదు, ఆ దూరం. రెండోది చిన్నది తెప్పించాను, 6 సెంటీమీటర్లకు కాస్త పైన, అంచు కూడా కొంచెం గట్టిది.

మూడో నెల ఆదివారం కలిసి వచ్చింది. వదినే మా ఇంటికి వచ్చి తలుపు అవతల నిలబడి చెబుతూ ఉంటే చేశాను. అంచు రెండు పక్కలా నొక్కి ఎనిమిది అంకెలా చేసి, నీళ్లతో తడిపి, ఒక కాలు బోర్లించిన బకెట్ మీద పెట్టి. "పైకి కాదే, వెనక్కి. కిందికీ వెనక్కీ. నడుం కింద చివరి ఎముక వైపు తోస్తున్నాననుకో" అంటోంది. వెనక్కి తోస్తుంటే ఒకచోట అంచు దేన్నో దాటినట్టు తెలిసింది. అక్కడ ఆపి, చూపుడు వేలితో ముందు అంచుని ఎముక మీదికి ఎక్కించాను. తర్వాత అసలైన పరీక్ష: డిస్క్ పొర మీదుగా వేలు పోనిచ్చి గర్భసంచి మూతి ఎక్కడుందో చూడటం. పొర అవతల, ఆ గట్టి ముక్కు కొన తగలాలి. పొర అడ్డం లేకుండా నేరుగా తగిలిందంటే డిస్క్ తప్పు చోట ఉన్నట్టే. నాకు మొదటిసారి నేరుగానే తగిలింది. తీసి, ఎడమ పక్కకి కాస్త వంచి మళ్లీ పెట్టాను. అప్పుడు పొర అవతల తగిలింది.

గట్టిగా రెండుసార్లు దగ్గాను. అంచు కదల్లేదు.

ఆ అరగంటలో ప్యాడ్ మీద చిన్న మరక పడితే నా గుండె జారిపోయింది. వదిన అది లీకు కాదంది. డిస్క్ పెట్టే ముందే దారిలో ఉన్న రక్తం కిందికి దిగుతుంది, పెట్టాక తడి గుడ్డతో తుడుచుకుని చూడమంది. నిజమే, తర్వాత మూడు గంటలు ఒక్క చుక్క లేదు. ఇది తెలియక మొదటి నెల ఎన్నిసార్లు తీసి పెట్టుకుని ఒరిపిడి తెచ్చుకున్నానో.

కాలేజీలో ఇంకో సమస్య ఎదురైంది. పొద్దుటి రెండు క్లాసులు బాగానే గడిచేవి. ఒంటికి వెళ్లి వచ్చాకే తడి తెలిసేది. నాలుగు రోజులు టైము రాసుకున్నాను, ప్రతిసారీ అంతే. మా కాలేజీలో ఉన్నవి కింద కూర్చునే టాయిలెట్లు. గొంతుక్కూర్చుని ముక్కినప్పుడు కండరాల ఒత్తిడికి ముందు అంచు ఎముక మీంచి జారి, డిస్క్‌లో ఉన్నది కిందికి ఒలికిపోతుంది. అక్కడిదాకా మంచిదే, టాయిలెట్‌లోనే ఖాళీ అవుతుంది. చాలామందికి లేచాక అంచు దానంతట అదే పైకి వెళ్లిపోతుందట. నాకు వెళ్లేది కాదు. అందుకని చిన్న నీళ్ల సీసా ఒకటి బ్యాగులో పెట్టుకున్నాను. లోపలే చేయి కడుక్కుని, పని అయ్యాక వేలితో అంచుని పైకి నెట్టి, మూత్రం ఆపుకునేటప్పుడు బిగిస్తామే, ఆ కండరాన్ని రెండుసార్లు బిగించి వదిలి, అప్పుడు లేచేదాన్ని. మధ్యాహ్నం తడి ఆ రోజుతో పోయింది. పైగా ఎక్కువ పోయే రెండో రోజున కావాలనే ఒంటిగంటకు ఒకసారి అలా ముక్కి ఖాళీ చేసుకోవడం అలవాటు చేసుకున్నాను. కాలేజీలో తీసి కడగాల్సిన పని తప్పింది.

మలబద్ధకం ఉన్న రోజున మాత్రం ఏం చేసినా నిలవదు. వెనక నుంచి పేగు నొక్కుతుంటే డిస్క్‌కి చోటుండదు. ఆ రెండు రోజులు మజ్జిగ, ఆకుకూర, నీళ్లు ఎక్కువ తీసుకుంటాను. పొద్దున్నే కడుపు ఖాళీ అయ్యాకే డిస్క్ పెట్టుకుంటాను, ముందు కాదు.

తీయడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి నా చేయి మణికట్టు దాకా ఎర్రబడి, టైల్స్ మీద చుక్కలు పడి, పాప తలుపు కొడుతుంటే కంగారుపడ్డాను. తోకని కిందికి లాగితే పళ్లెం ఒంపినట్టు ఒలుకుతుంది. కమోడ్ మీదే కూర్చుని, మెల్లగా ముక్కుతూ, అంచు కింద వేలు వేసి, నిండు గ్లాసు తెస్తున్నట్టు నేలకి సమానంగా ముందుకి లాగాలి. ముందు చన్నీళ్లతో కడిగి, తర్వాత వాసన లేని సబ్బు. నెలసరి మొదట్లో, చివర్లో అయిదు నిమిషాలు నీళ్లలో మరిగిస్తాను. దానికి విడిగా ఒక స్టీలు గిన్నె పెట్టుకున్నాను. అత్తయ్యగారు అడిగితే దాచకుండా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ గిన్నె మిగతావాటిలో కలవకుండా పై అరలో ఆవిడే పెట్టారు.

12 గంటలు దాటి లోపల ఉంచకూడదు. గర్భం రాకుండా లూప్ వేయించుకున్నవాళ్లు డాక్టరుని అడగకుండా డిస్క్ వాడకూడదు, తీసేటప్పుడు దారం వేలికి తగులుకుని లూప్ కదిలే ప్రమాదం ఉంది. డిస్క్ లోపల ఉండగా జ్వరం, వాంతులు, ఒంటి మీద ఎర్రటి దద్దులు వస్తే వెంటనే తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి. అరుదే, కానీ ప్రాణాల మీదికి వస్తుంది. ఇవి మా వదిన మొదటి రోజే నా చేత రాయించిన మాటలు.

నాలుగో నెల అంచులన్నీ సరిగ్గా ఉన్నా రెండో రోజు డిస్క్ పెట్టిన అయిదు గంటలకే ప్యాడ్ తడిసింది. ఈసారి తీసి చూస్తే డిస్క్ నిజంగానే నిండుగా ఉంది, గడ్డలతో. దగ్గు మందు సీసా మీద వచ్చే కొలత మూతతో కొలవడం మొదలుపెట్టాను. ఒలికిపోయింది లెక్కలో లేకుండానే ఆ నెల మొత్తం 95 మిల్లీలీటర్లు వచ్చింది. 80 దాటితే ఎక్కువ రక్తస్రావం కిందే లెక్క అని వదిన చెప్పి, మర్నాడే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. ప్యాడ్లు వాడిన ఇరవై ఏళ్లలో "ఎంత పోతోంది" అని డాక్టరు అడిగితే "మామూలుగానే" అనే చెప్పేదాన్ని. ఈసారి చీటీ మీద అంకెలు చూపించాను. ఆవిడ ఆ చీటీ తీసుకుని ఫైలులో పెట్టుకుంది. స్కానింగులో గర్భసంచిలో కణితులేమీ లేవు. హిమోగ్లోబిన్ 9.8 ఉంది. ఆడవాళ్లకి 12 ఉండాలి. కైలాసగిరి మెట్లు సగం ఎక్కేసరికి ఆయాసం వస్తుంటే వయసు అనుకున్నాను.

ఐరన్ మాత్రలు మూడు నెలలు వేసుకున్నాక 11.2 అయింది. ఇప్పుడు మొదటి రెండు రోజులు అయిదు గంటలకోసారి, తర్వాత పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఖాళీ చేస్తాను. పలచటి ప్యాడ్ ఇంకా మానలేదు, రెండో రోజు బస్సులో అది ఉంటేనే నాకు ధైర్యం. కొలత చీటీ బాత్‌రూము తలుపు వెనక అంటించి ఉంది, వచ్చే నెల 4వ తారీఖున డాక్టరుగారికి చూపించాలి.