కామా పెట్టాలా వద్దా, ఎవర్ని అడగాలి?

యంత్రాలతో పాటు పెట్టెలో వచ్చే సూచనల పుస్తకాల్ని తెలుగు చేయడం నా పని. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చేస్తాను, పక్కన అడగడానికి ఎవరూ ఉండరు. పోయిన నెల ఒకటి అచ్చై వచ్చింది. అట్ట మీదే ‘సులువుగా అర్ధమయ్యే పద్ధతి’ అని ఉంది. పద్ధతికి ఒత్తు బాగానే పెట్టాను కానీ, ‘థ’ ఉండాల్సిన చోట ‘ధ’ కొట్టాను. అర్ధం అంటే సగం. సులువుగా సగమయ్యే పద్ధతి! స్పెల్ చెక్ పట్టుకోలేదు. ఎలా పడుతుంది, రెండూ ఉన్న మాటలేగా.

ఆ దెబ్బతో అడగడం మొదలుపెట్టాను. ‘ప్రాధాన్యత’ రాయొచ్చా అని తెలిసినవాళ్లని అడిగితే కొందరు తప్పన్నారు, కొందరు అందరూ రాస్తున్నారుగా అన్నారు. ఎందుకో చెప్పింది మాత్రం రిటైరైన తెలుగు మాస్టారొక్కరే. “ప్రధానం నుంచి ప్రాధాన్యం వచ్చేసిందమ్మా. మళ్లీ ‘త’ తగిలిస్తే చొక్కా మీద చొక్కా. అయినా అలవాటైపోయిన మాట, దానికోసం ఎవరితోనూ కొట్లాడకు.” అప్పట్నుంచి ఆయన్నే పట్టుకున్నాను.

స్పెల్లింగుకైతే ఆయన్ని కదిలించను. ఆంధ్రభారతి వెబ్‌సైట్లో వెతికితే మొదట 1852లో వచ్చిన బ్రౌన్ దొర నిఘంటువు బ్రౌణ్యం, 1885లో వచ్చిన శబ్దరత్నాకరం నిఘంటువు రెండూ దొరుకుతాయి. కామా గొడవే నిఘంటువులో తేలదు. అసలది అచ్చుతో పాటు ఇంగ్లీషు నుంచి వచ్చిన గుర్తు. నేనేమో ‘బటన్ నొక్కి, మూత తెరిచి, నీళ్లు పోసి,’ అంటూ చల్లుకుంటూ పోయేదాన్ని. మాస్టారు పైకి చదవమన్నారు. “‘నొక్కి’ అనగానే ఇంకా ఉందని చెవికి తెలిసిపోలేదూ? ఇక కామా ఎందుకు?” తర్వాత రెండు వాక్యాలు రాయించారు.

అమ్మా, నాన్న వచ్చారు.
అమ్మా నాన్నా వచ్చారు.

మొదటిదాంట్లో అమ్మని పిలుస్తున్నాం. రెండోదాంట్లో ఇద్దరూ వచ్చారు. కామా తీసేసినా ‘నాన్న’ దీర్ఘం ఆ తేడా చెప్పేస్తుంది. ఇన్నేళ్లు రాస్తూ ఈ సంగతి గమనించనేలేదు, సిగ్గేసింది.

మొన్న ఇంకోటి పంపాను: ‘పాత బ్యాటరీ, ఛార్జర్ పారేయండి.’ ఇక్కడ కామా సరేనా మాస్టారూ అని.

“కామా సంగతి తర్వాత. ఛార్జర్ కూడా పాతదేనా?” అన్నారు.

నాకూ తెలీదు. పని ఇచ్చినవాళ్లకి మెయిల్ పెట్టాను.